బంగళా వెనక తలకిందులైన గోడ

ముందుగా ప్రమాణం. నేను తిన్న రాగిముద్ద మీద, మా అమ్మ మీద, బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి పోసిన సైనైడ్ దిబ్బల మీదినుంచి గాలికి ఎగిరొచ్చి ఏళ్ల తరబడి మా అన్నంలో కలిసిన తెల్లదుమ్ము మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి మాటా జరిగింది జరిగినట్టే. ఒక్క ముక్క అబద్ధమైనా ఈసారి ఎయిర్‌బ్లాస్ట్ సరిగ్గా నా మంచం కిందనే రావాలి. గనులు మూతపడ్డాయి, ఇంక ఎయిర్‌బ్లాస్ట్ యాడిది, అందుకే అంత ధైర్యంగా ఒట్టు పెడుతున్నాడు అని మీరనొచ్చు. అనండి. నాకు అలవాటే.

కోలారు బంగారు గనుల ఊళ్లో పుట్టి, ఇప్పుడు అక్కడికి దగ్గర్లోని నరసాపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునే ఉద్యోగం చేస్తున్న నాకు ఊళ్లో చిన్నప్పటినుంచీ ఒక పేరుంది, కంపెనీ బస్సులోనూ అదే. ఆ పేరు అచ్చులో వేసేది కాదు. పొద్దున షిఫ్టు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండదు. బీహారునుంచి పనికొచ్చిన పిల్లలు కూడా సగం అర్థం కాకపోయినా నవ్వుతారు. గని అడుగునుంచి లండన్ దాకా సొరంగం ఉందనీ, దొరలు నాలుగింటికి అందులో పోయి టీ తాగి ఆరింటికల్లా తిరిగొచ్చేవాళ్లనీ చెప్పింది నేనే. ఎయిర్‌బ్లాస్ట్ అదురుకి మా కోడి ఒకే పూట పద్నాలుగు గుడ్లు పెట్టిందని చెప్పిందీ నేనే. ఎయిర్‌బ్లాస్ట్ అంటే తెలియనివాళ్లకు: భూమిలో ఎంతో లోతున బండ మీద బరువు పెరిగి పెరిగి ఒక్కసారిగా పగులుతుంది. పైన ఊరంతా కదులుతుంది. అటక మీది గిన్నెలు కిందికి దూకుతాయి. లోపలున్న వాళ్లందరూ పైకి వచ్చారో లేదో తేలేదాకా ఆడవాళ్లు గనిలోకి దిగే షాఫ్టు దగ్గర నిలబడే ఉంటారు. ఆ నిలబడటం గురించి మటుకు నేనెప్పుడూ కథ అల్లలేదు.

ఇప్పుడు చెప్పేది ఒక బంగళా సంగతి. ఏ గని పక్కన ఉండేదో చెప్పను. దొరలు బిలియర్డ్స్ ఆడుకోవడానికి కట్టుకున్నది. చెక్కిన రాతి గోడలు, మూరకు పైగా మందం. ముందువైపు కమాను వాకిలి, కిటికీల మీద ముందుకు వంగిన చెక్క టోపీలు, మంగుళూరు పెంకు. గనులు గవర్మెంటు చేతికి వచ్చాక దొరలు పోయారు, బిలియర్డ్స్ బల్ల పోయింది, బంగళా ఛాతీ జబ్బుల ఆసుపత్రి అయింది. దొరలు కర్రతో బంతులు కొట్టిన గదిలో డాక్టర్లు మా వాళ్ల వీపుల మీద వేళ్లతో కొట్టి శబ్దం వినేవారు. ఆ గోడలకొక అందం ఉండేది. అడుగు వరసలో ఒక్కో రాయి మూరెడు ఎత్తు. పైకి పోయేకొద్దీ వరస వరసకూ ఎత్తు తగ్గి, చూరు కిందికొచ్చేసరికి జానెడు. దూరంనుంచి చూస్తే అంత బరువైన బంగళా కాస్త పైకి లేచినట్టు కనిపించేది.

మా నాయన టింబర్‌మన్. అంటే గని లోపల తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. మా తాత మదనపల్లె వైపునుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి గనిలో దిగాడు, ఆయన వెనకే నాయన. నేను చెప్పే నాటికి ఆయన లోపల దిగడం మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లు. మూడేళ్లుగా దగ్గు. మా కూలీ ఇళ్ల లైనులో కోడి కూయకముందే నాయన దగ్గేవాడు, ఆ దగ్గుకే ఆరిళ్లవాళ్లు లేచి పొయ్యి వెలిగించేవాళ్లు.

బంగళా ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఆయన వీపు మీద కొట్టి చూసి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము దిగిందనీ, ఇక లోపలికి దిగితే ఎక్కువ రోజులు ఉండవనీ మొహం మీదే చెప్పింది. పైన పనికి మార్చమని రాయాలంటే మటుకు ఎక్స్‌రే ప్లేటు కావాలి. అదీ కంపెనీ మిషన్ మీద తీసింది కావాలి, బయట తీయించుకున్నది చెల్లదు. పాత మిషన్ చచ్చి ఏడాది దాటింది. కొత్తది వస్తుందంటున్నారు. అది వచ్చి నాయన ఛాతీ ప్లేటు మీద పడేదాకా ఆయన రోజూ గనిలోకి దించే ఇనప పంజరంలో నిలబడి కిందికి దిగాల్సిందే. ఇంట్లో మాకు అంతకు మించిన విషయం లేదు. అమ్మ దేవుళ్లందరినీ వదిలేసి ఎక్స్‌రే మిషన్‌కి మొక్కుకుంది.

మిషన్ వచ్చింది. బెంగళూరునుంచి లారీలో, మూడు చెక్కపెట్టెల్లో. రెండు పెట్టెలు లోపలికి పోయాయి. మూడోది, అసలు మిషన్ ఉన్నది, వాకిలి కన్నా జానెడు వెడల్పు. విప్పి ముక్కలుగా తీసుకుపోదామంటే అట్లా విప్పితే తమ పూచీ లేదని దాన్ని తయారుచేసినవాళ్ల కాగితం. కిటికీలు ఇంకా ఇరుకు. పెట్టె టార్పాలిన్ కప్పుకుని బంగళా ముందు కూర్చుంది. మా కంపెనీ ఇంజనీరు ముందు కమానును కొట్టేస్తే ఒక పూట పని అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ తాత ఆ బంగళాలో దొరలకు బంతులు ఏరి ఇచ్చినవాడట. ఈ ఊళ్లో మనవాళ్లు చెక్కిన రాళ్లలో నిలబడి ఉన్నది ఇదొక్కటే, దీని మొహం పగలగొట్టి నేను వైద్యం చెయ్యను అంది. ఇంజనీరు రాశాడు, ఆవిడ రాసింది. రెండు వానలు కురిశాయి. పెట్టె మీది టార్పాలిన్‌లో నీళ్లు నిలిస్తే అమ్మ పోయి చీపురుకట్టతో తోసి వచ్చేది.

చివరికి పైనుంచి ఉత్తరువు వచ్చింది. వెనక గోడలో దారి చెయ్యండి. మిషన్ లోపలికి పోయాక తీసిన ప్రతి రాయీ తీసిన చోటే పెట్టండి. బంగళా రూపం మారకూడదు. మా ఆఫీసరు వచ్చి చూసి సంతకం పెట్టాకే మిషన్‌కి కరెంటు.

అది విని నాయన తనే డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"సూది బెజ్జంలో ఏనుగుని దింపినోళ్లం తల్లీ మేము," అన్నాడు. "ఇంతింత మోటార్లు ఆ బొక్కలో దింపలేదా? గోడకి నొప్పి తెలీకుండా తీస్తాం."

డాక్టరమ్మ నవ్వి, "నీకు నొప్పి తెలీకుండా చూసుకో ముందు," అంది.

ఆదివారం సెలవు చూసుకుని నాయన తన జట్టువాళ్లు ఆరుగురితో వచ్చాడు. పనిముట్లన్నీ గనివే. ముందు చూరు బరువు మోయడానికి దుంగలు నిలబెట్టారు, చీలలు దిగ్గొట్టారు. నాయన దుంగ మీద గుప్పిటతో తట్టి, చెవి పెట్టి విని, ఇంక తియ్యండి అన్నాడు. బండ మాట్లాడుతుందని టింబర్‌మన్లు అంటారు. ఆ రోజు గోడ ఏం మాట్లాడిందో ఆయనకే తెలియాలి. పై వరసనుంచి రాళ్లు తీస్తూ వచ్చారు. తీసిన ప్రతి రాయి మీదా నాయన తారుతో వరస నంబరు, పక్కన రాయి నంబరు వేశాడు. పదకొండు వరసలు. పైది ఒకటి, అడుగుది పదకొండు.

గనిలో బతికినవాడు ఇంకోరకంగా లెక్కపెట్టలేడు. లోపల మొదటి లెవెల్ పైన ఉంటుంది, యాభయ్యోది దానికి ఎంతో కింద. అంకె పెరిగిందంటే లోతు పెరిగిందని. మా లైన్లలో మెట్లు కూడా పైనుంచే లెక్కపెట్టేవాళ్లం. పైన నేల మీద ఇళ్లు కట్టేవాళ్లు పునాదినుంచి ఒకటి, రెండు అని పోతారన్నది మాలో ఎవరికీ తట్టలేదు. నాయనకు ఒక్కడికే తట్టింది.

మధ్యాహ్నానికి గోడలో దారి పడింది. ఇనప గొట్టాల మీద పెట్టెను దొర్లించుకుంటూ, గొలుసు కప్పీతో లాగుతూ, గని పాట ఏదో తమిళంలో సగం తెలుగులో సగం పాడుతూ లోపల పెట్టారు. పెట్టెకి ఒక గీత కూడా పడలేదు. అమ్మ వచ్చి దానికి కుంకుమ పెట్టింది.

తిరిగి కట్టడం మా జట్టు పని కాదన్నారు. సోమవారం వాళ్లందరూ లోపలికి దిగాలి. కట్టడానికి గౌనిపల్లినుంచి ఒక మేస్త్రీ, ముగ్గురు మనుషులు వచ్చారు. నేను అప్పటికి ఇరవై నాలుగేళ్లవాణ్ణి, స్టోర్సులో టెంపరరీ గుమాస్తాని. రాళ్లు అప్పజెప్పి సంతకం తీసుకోమని నన్ను అక్కడ కూర్చోబెట్టారు. పొద్దున షిఫ్టుకి పోతూ నాయన గుమ్మంలో ఆగి చెప్పాడు.

"ఒకటి పైన. పదకొండు కింద. వాళ్లు మనమాదిరి కాదు, అడుగునించి ఎంచుతారు. పోతానే చెప్పు. మరిచిపోవాకు."

మరిచిపోలేదు. పోతూనే చెప్పాలనే పోయాను. మేస్త్రీ బీడీ అంటించి, ఈ బంగళాలో దయ్యాలుండాయంట కదప్పా అన్నాడు. అంతే. దొర దయ్యం ఒకటి పున్నమికి బిలియర్డ్స్ ఆడుతుందనీ, ఓడిపోతే మన వాళ్ల మంచాలు తిప్పేస్తుందనీ మొదలుపెట్టాను. వాళ్లు సున్నం కలిపి రాళ్లు పెడుతూ వింటున్నారు. నవ్వుతున్నారు. నలుగురు మనుషులు పని ఆపకుండా మన నోటివైపు చెవి పెట్టడంలో ఎంత మత్తుందో అది ఎరిగినవాడికే తెలుసు.

రెండో వరసలో మేస్త్రీ ఆగాడు. "ఏమప్పా, ఈ రాళ్ల సందు పక్క గోడ సందుతో కలవలేదే. ఒకటో నంబరు రాళ్లు మరీ పొట్టిగా ఉండాయి."

నేను గోడవైపు చూసి ఉంటే చాలు. తెలీదు, కనుక్కుని చెబుతా అన్నా చాలు. ఆ మాట నా నోటికి ఎప్పుడూ రాదు. కథ వచ్చింది.

"కలవకూడదు మేస్త్రీ, అదే దొరల తెలివి," అన్నాను. "ఎయిర్‌బ్లాస్ట్ వచ్చిందంటే పగులు సందు వెంబడి పాము మాదిరి పాకుతాది. సందులన్నీ కలిసినాయంటే ఈ మూలనించి ఆ మూలకి పోతాది. అందుకని నడిమిన కలవకుండా కట్టినారు. పగులు ఇంతదాకా వచ్చి దోవ తెలీక నిలబడిపోతాది."

మేస్త్రీ ఆశ్చర్యపోయాడు. "ఏం బుర్రలప్పా వాళ్లవి," అని ఒకటో నంబరు వరస మీద రెండోది, రెండో దాని మీద మూడోది పేర్చుకుంటూ పోయాడు. మొత్తం ఎత్తు ఎట్లాగూ సరిపోతుంది, అవే రాళ్లు కదా. పొట్టి రాళ్లు అడుగున, మూరెడు రాళ్లు పైన.

నాలుగు గంటలకు నేను టీకని ఇంటికి వచ్చాను. నాయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి, జ్వరంతో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. బంగళాలో అప్పటికి అయిదు వరసలే లేచాయి. సున్నం తడి ఆరలేదు. పరిగెత్తితే పది నిమిషాల దూరం.

"వాళ్లకి చెప్పినావా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పొట్టి రాళ్లు ఎందుకు పొట్టివో అప్పుడు అర్థమైంది.

"చెప్పినా నాయనా," అన్నాను.

"మంచిపని జేసినావు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను పోలేదు. పోతే వాళ్ల ముందు, నేను చెప్పిందంతా కోత అని ఒప్పుకోవాలి. రేపు చూద్దామనుకున్నాను. రేపటికి గోడ పూర్తయింది. రాళ్ల మీద పూత పూస్తారేమో, ఎవరి కంటా పడదేమో అనుకున్నాను. దాచడానికి వీలైన తప్పు కాదు అది. అంత బరువైన రాళ్లు చూరు కింద వేలాడుతుంటే ఆ గోడ తలకిందులుగా నిలబడ్డ మనిషిలా ఉంది.

ఆఫీసరు వచ్చి, ముందు కమాను చూసి బాగుందన్నాడు, వెనక్కి పోయి గోడ చూసి కన్నడంలో ఒక్క మాటన్నాడు, ఇదేమి ఇట్లుందని. సంతకం పెట్టలేదు. గోడ మునుపటిలా అయ్యేదాకా కరెంటు లేదని రాసి పోయాడు. డాక్టరమ్మ ఆయన కారు వెంట కొంత దూరం నడిచింది. రూపం మారకూడదని మొదట పట్టుబట్టింది తనే కాబట్టి ఇప్పుడు గోడ ఎట్లుంటేనేం అనడానికి ఆవిడకు నోరు చాల్లేదు. మిషన్ లోపల, కుంకుమ బొట్టుతో, తీగ తగిలించకుండా కూర్చుంది. గౌనిపల్లి మేస్త్రీ ఇంకో ఊరి పనికి పోయాడు. కాగితాలు మళ్లీ నడక మొదలుపెట్టాయి. నాయన మళ్లీ రోజూ కిందికి.

తర్వాత జరిగింది చెబుతాను.

నాయన నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఎవరి ఉత్తరువూ అడగలేదు. జట్టువాళ్లు ఆరుగురూ ఏమీ అడక్కుండా వచ్చారు. మళ్లీ దుంగలు నిలిచాయి, మళ్లీ నాయన చెవి పెట్టి విన్నాడు. రాళ్లన్నీ దించి, పదకొండో నంబరు అడుగున పెట్టి, పది, తొమ్మిది అని పేర్చుకుంటూ, ఒకటో నంబరు రాయిని చూరు కింద తన చేత్తోనే దూర్చాడు. ఆ నాలుగు రోజులూ ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదు. గోడ మళ్లీ తేలికై పైకి లేచింది. ఆఫీసరు సంతకం పెట్టాడు. మిషన్ మీద దీపం వెలిగింది. మొదటి ప్లేటు నాయనదే. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అందులో రెండు సైనైడ్ దిబ్బలు కనిపించాయి, అంత తెల్లగా. ఆవిడ అక్కడే నిలబడి చీటీ రాసింది. పైన పని. బంగళా వెనక గేటు దగ్గరే కుర్చీ వేశారు. రెండేళ్లు నాయన వెనక గోడకి వీపు ఆనించి ఎండలో కూర్చున్నాడు. రాయి వెచ్చగా ఉండాది, దగ్గుకి మంచిది అనేవాడు.

గనులు మూతపడ్డాయి. డాక్టరమ్మ ఊరు వదిలిపోయింది. బంగళాకి తాళం వేశారు, తాళం మీద తాళం వేశారు, తర్వాత తలుపులే పోయాయి. ఒక రోజు పాత ఇనుము కొనేవాళ్లు మిషన్ కోసం వచ్చారు. వాకిలి ఇరుకని తెలిసి జేసీబీ తెచ్చారు. ముందు కమాను ఎంతసేపట్లో పోయిందో చెప్పనా? నేను ఎదురుగా టీ తాగుతున్నాను, గ్లాసు సగం కూడా కాలేదు. నంబర్లు ఎవరూ వెయ్యలేదు. మిషన్ని పార మీద చెత్తలా ఎత్తి లారీలో పడేశారు.

ఇప్పుడు ఒప్పుకోవాలి. మొదట పెట్టిన ఒట్టు అట్లాగే ఉంది కాబట్టి, ఎయిర్‌బ్లాస్ట్ రాకముందే.

కమాను పోవడం నిజం. గోడ నిజం, గౌనిపల్లి మేస్త్రీ నిజం, చెప్పినా నాయనా అన్నది నిజం. నాలుగు రోజుల సెలవు అబద్ధం. నాయన ఆ గోడను మళ్లీ కట్టలేదు. ఎట్లా కడతాడు, నీళ్ల బిందె ఎత్తలేని మనిషి? దీపం వెలగలేదు. ప్లేటు లేదు, చీటీ లేదు, కుర్చీ లేదు. ఎండలో కూర్చోబెట్టింది నేను, ఇక్కడ, ఈ కాగితం మీద. కాగితాలు ఆఫీసునుంచి ఆఫీసుకి నడుస్తుండగా ఇంకో ఎనిమిది నెలలు ఆయన కిందికి దిగాడు. ఒక రోజు షిఫ్టు అయి పంజరం పైకి వచ్చాక అందరూ దిగారు, నాయన దిగలేదు. కమ్మీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. జట్టువాళ్లు ఎత్తుకొచ్చారు. పదకొండు రోజులు ఇంట్లో ఉన్నాడు. ఆ మిషన్ ఏ మనిషి ఛాతీనీ ఒక్కసారి కూడా చూడకుండానే పాత ఇనుమైంది.

వెనక గోడ ఇంకా ఉంది. తలకిందులుగానే. బంగళాలో మిగిలింది అదే. బెంగళూరునుంచి పాత కట్టడాలు చూడ్డానికి పిల్లలు కెమెరాలతో వస్తారు, ఆదివారాల్లో నేనే చూపిస్తాను. ఈ రాళ్లేమిటి సార్ ఇట్లున్నాయి అంటారు. ఎయిర్‌బ్లాస్ట్ పగులు దోవ తప్పడానికి దొరలు అట్లా కట్టారని చెబుతాను. రాసుకుంటారు.

ఇంకొకటి దాచాను. ఆఫీసరు వచ్చిపోయిన రోజు డాక్టరమ్మ నాయనను బంగళాకు పిలిపించింది. నన్నూ రమ్మంటే రాలేనన్నాను, కడుపునొప్పి అన్నాను. అమ్మ వెంట వెళ్లింది. చాలా ఏళ్ల తర్వాత అమ్మే చెప్పింది. నాయన తారు నంబర్ల మీద చెయ్యి పెట్టి ఒక్కో రాయీ తడుముకుంటూ పోయాడట. మేస్త్రీకి ఎవరు చెప్పాలి, ఎవరూ చెప్పలేదా అని డాక్టరమ్మ అడిగిందట. ఊరంతా నన్ను ఏ పేరుతో పిలిచేదో ఆయనకు తెలియంది కాదు.

"మావోడు చెప్పినాడమ్మా," అన్నాడట. "వాళ్లే ఇనుకోలేదు."